అమెరికా కళాశాలల్లో వాటర్ పోలో అసిస్టెంట్ కోచ్

అమెరికా విశ్వవిద్యాలయాల్లో వాటర్ పోలో జట్టుకు హెడ్ కోచ్ కింద పనిచేసే శిక్షకుడు అసిస్టెంట్ కోచ్. కొత్త ఆటగాళ్లను వెతకడం, తెల్లవారుజామున ఈత సాధన చేయించడం, గోల్‌కీపర్లను తీర్చిదిద్దడం, ప్రత్యర్థుల వీడియోలు చూసి వాళ్ల ఎత్తుగడలు రాసిపెట్టడం ఆయన పనులు. బస్సులు, హోటళ్లు, భోజనాలు కుదర్చడమూ ఆయన మీదే పడుతుంది. చాలా జట్లలో ఆటగాడు రోజూ ఎక్కువసేపు మాట్లాడేది ఈ శిక్షకుడితోనే. పత్రికలు గెలుపోటములను హెడ్ కోచ్ ఖాతాలో రాస్తాయి. ఆటలోని మెలకువ ఒక తరం నుంచి మరో తరానికి చేరేది మాత్రం ఎక్కువగా ఈ రెండో కుర్చీ ద్వారానే.

వృత్తిగా చూస్తే ఇది చాలా ఇరుకైనది. జాతీయ కళాశాల క్రీడా సంఘం ఎన్‌సీఏఏ పరిధిలో వాటర్ పోలో ఆడే పురుషుల జట్లు యాభైకి అటూ ఇటూగా, మహిళల జట్లు అరవైకి అటూ ఇటూగా ఉంటాయి. బాస్కెట్‌బాల్‌కు వెయ్యికి పైగా కళాశాలలు జట్లను నడిపే దేశంలో ఇది చిన్న లోకం. అందులోనూ బరువంతా ఒక్క రాష్ట్రం మీదే ఉంది. 1969లో మొదలైన పురుషుల ఎన్‌సీఏఏ టోర్నీని ఇంతవరకు గెలిచిన విశ్వవిద్యాలయాలన్నీ కాలిఫోర్నియావే. 2001లో మొదలైన మహిళల టోర్నీని 2025 వరకు యూసీఎల్ఏ, స్టాన్‌ఫర్డ్, యూఎస్‌సీ అనే మూడు విశ్వవిద్యాలయాలే పంచుకున్నాయి, అవీ కాలిఫోర్నియావే. ఈ ఉద్యోగం కోరుకునేవారి జీవితాన్ని మొదటి రోజు నుంచే ఈ భౌగోళిక పరిస్థితి నిర్ణయిస్తుంది.

ఆట స్వభావం

అసిస్టెంట్ కోచ్ పని అర్థం కావాలంటే ఆట కొంత తెలియాలి. వాటర్ పోలో 19వ శతాబ్దపు బ్రిటన్‌లో పుట్టింది. 1870లలో గ్లాస్గోకు చెందిన విలియం విల్సన్ దానికి తొలి నియమాలు రాశాడు. 1900 పారిస్ ఒలింపిక్స్ నుంచి పురుషుల పోటీ ఉంది. మహిళలకు మాత్రం 2000 సిడ్నీ దాకా అవకాశం రాలేదు.

గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఏడుగురు నీళ్లలో ఉంటారు. ఆట 8 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. బంతి చేతికొచ్చిన జట్టు 30 సెకన్లలోపు గోలు మీదికి విసరాలి. కాళ్లు అడుగున ఆనించడానికి వీల్లేదు. గోల్‌కీపర్ తప్ప మిగతావాళ్లు బంతిని ఒక్క చేత్తోనే పట్టాలి. ఒంటిని నీటిపైన నిలబెట్టేది ఎగ్‌బీటర్ కిక్. రెండు మోకాళ్లనూ వెడల్పుగా ఉంచి, కాళ్లను ఒకదాని తర్వాత ఒకటి ఎదురు దిశల్లో గుండ్రంగా తిప్పుతూ ఉండటమే ఆ కిక్. అది రానివాడికి విసరడమూ లేదు, అడ్డుకోవడమూ లేదు. ఎంత వేగంగా ఈదే కుర్రాడైనా ఈ కిక్ గట్టిపడే దాకా వాటర్ పోలో ఆటగాడు కాలేడు. కళాశాలకు కొత్తగా వచ్చినవాళ్ల కాళ్లను గట్టిచేసే బాధ్యత సాధారణంగా అసిస్టెంట్‌దే. బరువైన మెడిసిన్ బాల్‌ను రెండు చేతులతో తలపైకెత్తించి, నిమిషాల తరబడి అలాగే నిలబెట్టించడం ఈ సాధనల్లో ఒకటి.

గోలు ముందు రెండు మీటర్ల దగ్గర, గోలుకు వీపు పెట్టి నిలిచేవాడు సెంటర్. అతని వెనక అతుక్కుని అడ్డుకునేవాడు సెంటర్ డిఫెండర్. ఆటంతా వీళ్లిద్దరి కుస్తీ చుట్టూ తిరుగుతుంది. సెంటర్‌ను తప్పుడు పద్ధతిలో పట్టుకుంటే డిఫెండర్‌ను 20 సెకన్లు బయటికి పంపుతారు. ఆ కాసేపు దాడి చేసే జట్టులో ఆరుగురు, కాపాడే జట్టులో గోల్‌కీపర్ కాక ఐదుగురు ఉంటారు. దీన్నే సిక్స్ ఆన్ ఫైవ్ అంటారు. ఒక ఆటగాడి మీద ఇలాంటి పెద్ద తప్పులు మూడు పడితే ఇక ఆ మ్యాచ్‌లో ఆడనివ్వరు. దగ్గరి పోటీల్లో ఫలితం తేలేది తరచుగా ఈ 20 సెకన్లలోనే. అసిస్టెంట్ కోచ్ వారమంతా చేసే పనిలో పెద్ద భాగం ఈ 20 సెకన్ల కోసమే.

ఉద్యోగం ఎలా రూపుదిద్దుకుంది

1960లలో, 70లలో కళాశాలల్లో వాటర్ పోలో కోచ్ అంటే ఎక్కువ చోట్ల ఈత కోచే. శరదృతువులో పోలో, తర్వాత ఈత. ఒకే మనిషి రెండూ నడిపేవాడు, తోడుగా చదువుకుంటున్న పాత ఆటగాడు ఒకడు ఉండేవాడు. కాల్ బర్క్లీలో పీట్ కుటీనో, యూసీ అర్వైన్‌లో టెడ్ న్యూలాండ్, స్టాన్‌ఫర్డ్‌లో డాంటే డెట్టమాంటీ వంటివారు దశాబ్దాల తరబడి ఒకే కొలను ఒడ్డున నిలబడి పనిచేశారు. కుటీనో, డెట్టమాంటీ చెరో ఎనిమిది జాతీయ టైటిళ్లు గెలిచారు. న్యూలాండ్ 1970, 1982, 1989లలో మూడు గెలిచాడు. ఏటా ఉత్తమ కళాశాల ఆటగాడికీ ఆటగత్తెకూ ఇచ్చే పురస్కారం ఇప్పుడు కుటీనో పేరు మీదే ఉంది. రెండేళ్ల కమ్యూనిటీ కళాశాలలనూ ఈ చరిత్రలో మరవకూడదు. 1972 ఒలింపిక్స్‌లో కాంస్యం, 1984లో రజతం గెలిచిన అమెరికా జట్లకు కోచ్‌గా ఉన్న మాంటీ నిట్‌కోవ్‌స్కీ లాంగ్ బీచ్ సిటీ కాలేజీ మనిషి. ఇవాళ్టికీ కొత్త కోచ్‌లు ఎక్కువమంది చేయి తిప్పుకునే చోటు కమ్యూనిటీ కళాశాలే.

రెండో ప్రవాహం యూరప్ నుంచి వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హంగరీ, సోవియట్ జట్ల మధ్య రక్తం చిందిన మ్యాచ్ ప్రసిద్ధం. హంగరీ 4–0తో గెలిచింది. ఆ ఆటలో కంటి కింద చీరుకుపోయి బయటికొచ్చిన ఎర్విన్ జాదోర్ తర్వాత అమెరికాలోనే స్థిరపడి ఈత కోచ్ అయ్యాడు. తర్వాత ప్రసిద్ధ ఈతగాడైన మార్క్ స్పిట్జ్ చిన్నప్పుడు ఆయన దగ్గర ఈదినవాడే. ఆ తర్వాతి దశాబ్దాల్లో యుగొస్లావియా, క్రొయేషియా, సెర్బియా, హంగరీల నుంచి ఆటగాళ్లు చదువుకోవడానికి వచ్చి, శిక్షకులుగా మిగిలిపోయారు. అడ్డుకోవడంలోని సూక్ష్మాలు, సెంటర్ పట్టే పట్లు, పాస్ వేయడంలో ఓపిక వంటివి అమెరికా కళాశాలల్లోకి ఎక్కువగా వీళ్ల చేతుల మీదుగానే చేరాయి.

మూడో ప్రవాహం చట్టం నుంచి వచ్చింది. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ వల్ల కళాశాలలు మహిళలకూ జట్లు పెట్టాల్సి వచ్చింది. 1994లో ఎన్‌సీఏఏ మహిళల వాటర్ పోలోను ఎదుగుతున్న క్రీడల జాబితాలో చేర్చింది. ఏడేళ్లకు జాతీయ టోర్నీ వచ్చింది. పురుషుల పోటీలు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, మహిళలవి జనవరి నుంచి మే దాకా నడుస్తాయి. కాలాలు వేరు కాబట్టి చాలా చోట్ల ఒకే సిబ్బంది రెండు జట్లనూ చూస్తారు. చిన్న కళాశాలలే కాదు, పెద్దవీ అలా చేశాయి. యూఎస్‌సీలో చాలా ఏళ్లు ఒకే హెడ్ కోచ్ రెండు జట్లకూ ఉన్నాడు. యూసీఎల్ఏలో పురుషుల కోచ్ ఆడం రైట్ 2017 తర్వాత మహిళల జట్టునూ చేపట్టాడు. అలాంటి చోట అసిస్టెంట్‌కు పోటీలు లేని కాలమంటూ ఉండదు. డిసెంబరు మొదటి వారంలో ఒక టోర్నీ ముగుస్తుంది, జనవరిలో రెండో జట్టు తొలి మ్యాచ్‌కు సిద్ధం కావాలి.

పని తీరు

ఎన్‌సీఏఏ నియమం ప్రకారం పోటీల కాలంలో ఆటగాడితో వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలకు మించి తప్పనిసరి సాధన చేయించకూడదు. వారంలో ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలి. మ్యాచ్ రోజును 3 గంటలుగా లెక్కిస్తారు. పోటీలు లేని కాలంలో హద్దు 8 గంటలు. ఈ లెక్కలు రాసిపెట్టే పని చాలా జట్లలో అసిస్టెంట్‌దే. ఆటగాడికి 20 గంటల హద్దు ఉంది. కోచ్‌కు మాత్రం హద్దేమీ లేదు.

తెల్లారకముందే కొలను దగ్గర రోజు మొదలవుతుంది. తరగతులకు ముందు ఈత, బరువుల సాధన, మధ్యాహ్నం తర్వాత బంతితో పని. హెడ్ కోచ్ ఒక చివర జట్టు మొత్తాన్ని ఆడిస్తుంటే, రెండో చివర అసిస్టెంట్ ముగ్గురు నలుగురిని పక్కకు తీసుకుని వాళ్ల లోపాల మీద పనిచేస్తాడు. ఎడమచేతి ఆటగాడికి కుడి వైపు నుంచి విసిరే కోణాలు చూపించాలి, సెంటర్‌కు తిరిగి విసిరే అలవాటు నేర్పాలి, డిఫెండర్ చేతులు తప్పుగా వేయకుండా చూడాలి. ఈ చిన్న గుంపు పాఠాలే ఉద్యోగానికి గుండెకాయ అని నా అభిప్రాయం. జట్టు పథకం కాగితం మీద రాయొచ్చు. భుజం ఎంత ఎత్తులో ఉంటే బంతి గోల్‌కీపర్ చెవి పక్కనుంచి పోతుందో, పక్కన నిలబడి వందసార్లు చెబితేనే అబ్బుతుంది.

గోల్‌కీపర్ శిక్షణ ప్రత్యేక విద్య. చాలా జట్లు అసిస్టెంట్‌ను తీసుకునేటప్పుడు గతంలో గోల్‌కీపర్‌గా ఆడినవాళ్ల కోసం వెతుకుతాయి. కాలుతో పైకి లేవడం, అడ్డంగా కదలడం, మొదటి కదలికకు మోసపోకుండా ఆగడం, అడ్డుకున్న బంతిని వెంటనే ముందుకు విసిరి ఎదురుదాడి మొదలుపెట్టడం, ఇవన్నీ వేరుగా నేర్పాలి. ఇందులో ప్రమాదమూ ఉంది. యూసీ అర్వైన్ పరిశోధకులు 2016లో ప్రచురించిన సర్వేలో, జవాబిచ్చిన వాటర్ పోలో ఆటగాళ్లలో 36 శాతం మంది తలకు కంకషన్ దెబ్బ తగిలిందని చెప్పారు. గోల్‌కీపర్లలో అది 47 శాతం. అది ఆటగాళ్లు స్వయంగా చెప్పిన లెక్కే అయినా పట్టించుకోవాల్సినదే. దగ్గరి నుంచి బలంగా వచ్చే బంతులను సాధనలో అదే పనిగా గోల్‌కీపర్ మొహం మీదికి విసిరించే పాత పద్ధతి పోవాలి. దాన్ని ఆపగలిగినవాడు ఆ పూట కొలను ఒడ్డున నిలబడ్డ అసిస్టెంటే. తల తిరుగుతోందని ఆటగాడు చెబితే వెంటనే నీళ్లలోంచి తీసి అథ్లెటిక్ ట్రైనర్‌కు అప్పగించడం నియమం. చెప్పకపోయినా చూసి పసిగట్టడం అనుభవం. భుజాలదీ ఇదే కథ. రోజుకు ఎన్ని విసుర్లు వేయించామో లెక్క లేకపోతే సీజన్ సగంలో భుజం మొండికేస్తుంది.

సాయంత్రం వీడియో పని. ప్రత్యర్థి గత మ్యాచ్‌లను ముక్కలు ముక్కలుగా కోసి, సిక్స్ ఆన్ ఫైవ్‌లో వాళ్లు ఎలా నిలుస్తారో చూడాలి. సాధారణంగా రెండు మీటర్ల గీత మీద నలుగురు, బయట ఇద్దరు ఉండే అమరిక ఒకటి, ముగ్గురు ముగ్గురుగా ఉండేది ఇంకొకటి. బంతి ఏ చేతి నుంచి ఏ చేతికి పోయాక విసురుతారు, గోలు కంబాల దగ్గరున్నవాడికి లోపలి పాస్ ఎప్పుడు వేస్తారు, ఎవరు కళ్లతో ఒకవైపు చూపి ఇంకోవైపు విసురుతారు అని రాసుకోవాలి. గంటల కొద్దీ చూసినదాన్ని పదిహేను నిమిషాల్లో ఆటగాళ్లకు చెప్పగలగడం వేరే నేర్పు. చూసినదంతా చెప్పేవాడి మాట ఎవరికీ గుర్తుండదు. మర్నాటి మ్యాచ్‌లో పనికొచ్చే మూడు విషయాలు ఏరి చెప్పేవాడి కోసం హెడ్ కోచ్‌లు వెతుకుతారు.

మ్యాచ్‌లో అసిస్టెంట్ బెంచీ మీద కూర్చుని ఎవరి మీద ఎన్ని తప్పులు పడ్డాయి, టైమ్ అవుట్‌లు ఎన్ని మిగిలాయి, షాట్ గడియారంలో ఎంత ఉంది అని చూస్తుంటాడు. రిఫరీల మీద కోపంతో ఉన్న హెడ్ కోచ్‌ను చల్లబరచడమూ, నీళ్లలోంచి బయటికి వచ్చి కూర్చున్న కుర్రాడి పక్కన చేరి ఎందుకు బయటికి తీశామో చెప్పడమూ ఆయన వంతే. ఈ రెండోది ఏ ఉద్యోగ ప్రకటనలోనూ రాయరు. ఆటగాళ్లు ఏళ్ల తర్వాత గుర్తుంచుకునేది మాత్రం దాన్నే.

ఆటగాళ్ల వేట

జట్టు భవిష్యత్తు తేలేది రిక్రూటింగ్‌లో. ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ వన్ కళాశాలల కోచ్‌లు చాలా క్రీడల్లో పదో తరగతి పూర్తయిన జూన్ 15 నుంచే విద్యార్థులతో నేరుగా మాట్లాడవచ్చు. పదకొండో తరగతికి ముందటి ఆగస్టు 1 నుంచి అధికారికంగా క్యాంపస్‌కు పిలవవచ్చు. అంతకుముందు చూడవచ్చు గానీ మాట్లాడకూడదు. అందుకే జులైలో జరిగే జూనియర్ ఒలింపిక్స్ దగ్గర, ఉన్నత పాఠశాలల టోర్నీల దగ్గర, మెడలో విశ్వవిద్యాలయం కార్డుతో, చేతిలో నోటు పుస్తకంతో మౌనంగా కూర్చున్న యువ కోచ్‌లు బారులుగా కనిపిస్తారు. వాళ్లు చూసేది గోల్స్ సంఖ్య ఒక్కటే కాదు. పొడవు, చేతుల చాపు, కాళ్ల బలం, ఎడమచేతివాటం చూస్తారు. తప్పు చేశాక వెనక్కి ఎంత తొందరగా ఈదుతాడో చూస్తారు. తల్లిదండ్రులతో, తోటివాళ్లతో ఎలా మాట్లాడతాడో కూడా చూస్తారు.

డబ్బు విషయం ఇక్కడ కష్టం. చాలాకాలం పాటు ఎన్‌సీఏఏ పురుషుల జట్టుకు మొత్తం 4.5, మహిళల జట్టుకు 8 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన సొమ్మే అనుమతించింది. ఇరవై మందికి పైగా ఉండే జట్టులో దాన్ని ముక్కలు చేసి పంచాలి. ప్రిన్స్‌టన్, హార్వర్డ్, బ్రౌన్ వంటి ఐవీ లీగ్ కళాశాలలూ, ఎంఐటీ, జాన్స్ హాప్‌కిన్స్, పొమోనా పిట్జర్ వంటి డివిజన్ త్రీ జట్లూ ఆట పేరిట స్కాలర్‌షిప్ ఇవ్వవు. అక్కడ అసిస్టెంట్ చదువులో బలమైన పిల్లలను వెతికి, అవసరాన్ని బట్టి ఇచ్చే ఆర్థిక సాయాన్ని కుటుంబాలకు వివరించాలి. మార్కులు, పరీక్షలు, ప్రవేశ దరఖాస్తులు తెలిసిన కోచ్‌కు ఇలాంటి చోట విలువ ఎక్కువ.

ఈ అధికారం దుర్వినియోగమూ అయింది. 2019 మార్చిలో బయటపడిన ప్రవేశాల కుంభకోణంలో, ఆటే ఆడని పిల్లలను ఆటగాళ్లుగా చూపి సీట్లు ఇప్పించారన్న ఆరోపణలు పలు విశ్వవిద్యాలయాల కోచ్‌ల మీద వచ్చాయి. వాటర్ పోలో కూడా అందులో ఉంది. ఆ తర్వాత కోచ్‌లు ప్రవేశాల కార్యాలయానికి పంపే పేర్లను విశ్వవిద్యాలయాలు గట్టిగా తనిఖీ చేయడం మొదలుపెట్టాయి. జాబితా తయారుచేసే అసిస్టెంట్‌కు కాగితాల పని పెరిగింది. అది పెరగాల్సిందే. ఒక దొంగ పేరు వెనక నిజంగా ఈది, చదివిన పిల్ల ఒకతె సీటు పోగొట్టుకుంటుంది.

ప్రవేశం, జీతం, వీసా

ఈ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి అన్నట్టే. మాస్టర్స్ ఉంటే మేలు. కళాశాల స్థాయిలో ఆడిన అనుభవం దాదాపు అందరికీ ఉంటుంది. ఎక్కువమంది ఆడిన చోటే, ఆట ఆగిన మరుసటి సీజన్‌లోనే మొదలవుతారు. ఉన్నత పాఠశాల జట్టునో, సాయంత్రపు క్లబ్‌లో పన్నెండేళ్ల పిల్లలనో చూసుకుంటూ కళాశాలలో సగం పూట ఉద్యోగం చేస్తారు. సీపీఆర్, ప్రథమ చికిత్స ధ్రువపత్రాలు, నేర చరిత్ర తనిఖీ, పిల్లల రక్షణకు సంబంధించిన సేఫ్‌స్పోర్ట్ శిక్షణ ఉండాలి.

కళాశాల కోచింగ్‌లో చాలాకాలం ఒక అన్యాయం నడిచింది. ఎన్‌సీఏఏ చాలా క్రీడల్లో జీతమిచ్చే కోచ్‌ల సంఖ్యకు హద్దు పెట్టి, అదనంగా ఒక వాలంటీర్ కోచ్‌ను అనుమతించేది. పేరుకే వాలంటీర్. పని మాత్రం మిగతావాళ్లంతా చేసినదే. ఆ మనిషి బతుకుదెరువు వేసవి శిబిరాలు, క్లబ్ జీతం, ఇంట్లోవాళ్ల సాయం. దీనివల్ల డబ్బున్న ఇంటివాళ్లే ఈ వృత్తిలో నిలవగలిగారు, ప్రతిభ ఉన్న ఎందరో రెండు మూడేళ్లకే వదిలేశారు. 2023 జులై 1 నుంచి డివిజన్ వన్‌లో వాలంటీర్ కోచ్ హోదా రద్దయింది. అప్పటిదాకా జీతం లేకుండా పనిచేసినవారి తరఫున గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కేసులూ నడిచాయి. ఆ కేసులు వేసినవాళ్లకు ఈ తరం కోచ్‌లు రుణపడి ఉన్నారు.

జీతం విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. పెద్ద జట్లలో పూర్తికాలపు జీతం, ఆరోగ్య బీమా ఉంటాయి. చిన్న చోట్ల ఏడాదికి కొంత గౌరవ వేతనం ఇచ్చి సరిపెడతారు. జట్లు ఎక్కువగా ఉన్న లాస్ ఏంజెలిస్, ఆరెంజ్ కౌంటీ, బే ఏరియాల్లో ఇంటి అద్దెలు దేశంలోనే అధికం కావడం ఈ వృత్తికి పెద్ద దెబ్బ. ఉదయం కళాశాల, సాయంత్రం క్లబ్, శనివారం ప్రైవేటు పాఠాలు చెప్పుకుని బతికేవాళ్లే ఎక్కువ.

విదేశీయులకు వీసా మరో మెట్టు. చదువు ముగిశాక విద్యార్థి వీసా కింద దొరికే ఓపీటీ కాలంలో పనిచేసి, తర్వాత హెచ్1బీకి మారేవారున్నారు. విశ్వవిద్యాలయాలకు హెచ్1బీ వార్షిక కోటా వర్తించదు, లాటరీ ఉండదు. తెలుగు ఇళ్లలో ఈ మాటలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతోనే ముడిపడి వినిపిస్తాయి. బెల్‌గ్రేడ్ నుంచో బుడాపెస్ట్ నుంచో వచ్చిన కోచ్‌కూ ఇవే కాగితాలు, ఇదే ఎదురుచూపు.

కొందరి దారులు

ఆడం క్రికోరియన్ యూసీఎల్ఏలో ఆడాడు. ఆట ముగిశాక అక్కడే గై బేకర్ కింద అసిస్టెంట్ అయ్యాడు. బేకర్ జాతీయ మహిళల జట్టుకు వెళ్లి 2000లో రజతం, 2004లో కాంస్యం, 2008లో రజతం తెచ్చాడు. యూసీఎల్ఏ పగ్గాలు అందుకున్న క్రికోరియన్, మహిళల జట్టుతో 2005 నుంచి 2009 దాకా వరసగా ఐదు టైటిళ్లు గెలిచాడు. ఆటగాడిగా 1, అసిస్టెంట్‌గా 3, హెడ్ కోచ్‌గా 11 జాతీయ టైటిళ్లు ఆయన ఖాతాలో ఉన్నాయి. 2009లో మళ్లీ బేకర్ వదిలిన చోటికే, అమెరికా మహిళల జట్టుకు వెళ్లి 2012 లండన్, 2016 రియో, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లలో వరసగా మూడు స్వర్ణాలు తెచ్చాడు. రెండుసార్లు ఒకే గురువు ఖాళీ చేసిన స్థానంలోకి శిష్యుడు వచ్చి, గురువును మించి గెలవడం ఏ ఆటలోనైనా అరుదు. క్రికోరియన్‌కు ఆ ఆట లోపలి నుంచి తెలియడానికి అసిస్టెంట్‌గా గడిపిన ఏళ్లే ఆధారం.

మార్కో పింటారిచ్‌ది ఇంకో దారి. క్రొయేషియా నుంచి వచ్చి యూఎస్‌సీలో ఆడి, అక్కడే ఏళ్లకేళ్లు రెండో కుర్చీలో కూర్చున్నాడు. 2008 నుంచి 2013 దాకా యూఎస్‌సీ పురుషులు వరసగా ఆరు టైటిళ్లు గెలిచిన కాలమంతా ఆయన వెనకే ఉన్నాడు. 2019లో ప్రవేశాల కుంభకోణం తర్వాత హెడ్ కోచ్ పదవి అనుకోకుండా ఖాళీ అయినప్పుడు పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. 2021లో మహిళల జట్టుకు జాతీయ టైటిల్ తెచ్చాడు. పురుషుల జట్టు 2021, 2022 ఫైనళ్లలో రెండుసార్లూ కాల్ చేతిలో 13–12తో ఓడింది. సంక్షోభంలో జట్టు చెదిరిపోకుండా నిలిచిందంటే, ఆటగాళ్లకు ఆయన మీద ముందునుంచే ఉన్న నమ్మకం కారణం. బయటి నుంచి తెచ్చిన ఎంత పెద్ద పేరుకైనా ఆ నమ్మకం ఒక్కరోజులో రాదు.

డస్టిన్ లిట్వాక్ యూసీఎల్ఏలో అసిస్టెంట్‌గా చేసి, తూర్పు తీరంలోని ప్రిన్స్‌టన్‌కు హెడ్ కోచ్‌గా వెళ్లాడు. కాలిఫోర్నియా విద్యను అట్లాంటిక్ తీరానికి మోసుకెళ్లిన కోచ్‌లలో ఆయన ఒకడు. దేయాన్ ఉడొవిచిచ్ నడిపిన అమెరికా పురుషుల జట్టుకూ సహాయకుడిగా పనిచేశాడు. ఆ జట్టు 2024 పారిస్‌లో హంగరీని షూటౌట్‌లో ఓడించి కాంస్యం గెలిచింది. 2008 తర్వాత పురుషులకు అదే తొలి పతకం.

ఈ మూడు కథల్లోనూ ఉన్నది మగవాళ్లే. అది యాదృచ్ఛికం కాదు. 2001 నుంచి 2025 దాకా మహిళల ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచిన జట్లన్నిటికీ హెడ్ కోచ్‌లు పురుషులే. నాలుగు ఒలింపిక్స్‌లలో పతకాలు గెలిచిన బ్రెండా విల్లా వంటి ఆటగత్తెలను తయారుచేసిన దేశంలో ఇది సిగ్గుపడాల్సిన విషయం. మార్పు మెల్లగా కనిపిస్తోంది. సిడ్నీ రజత జట్టులో ఆడిన కొరలీ సిమన్స్ కాల్ బర్క్లీ మహిళల జట్టును 2024 ఫైనల్‌కు చేర్చింది. ఒలింపియన్ నటాలీ బెన్సన్ ఫ్రెస్నో స్టేట్‌లో కొత్తగా పెట్టిన జట్టును మొదటి నుంచి నిర్మించింది. మహిళా అసిస్టెంట్లకు ప్రసూతి సెలవు, ప్రయాణాల్లో బిడ్డను వెంట తీసుకెళ్లే వీలు, సగం పూట కాక పూర్తికాలపు ఉద్యోగం ఇస్తే హెడ్ కోచ్‌ల జాబితా తనంతట తానే మారుతుంది.

భారతదేశంతో పోలిక

వాటర్ పోలోలో భారత్‌కు గొప్ప గతమే ఉంది. 1948, 1952 ఒలింపిక్స్‌లలో మన జట్టు ఆడింది. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. 100 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచిన సచిన్ నాగ్ ఆ పోలో జట్టులోనూ ఉన్నాడు. 1970లో రజతం, 1982లో కాంస్యం వచ్చాయి. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్‌లో పతకం లేదు. రైల్వేలు, సర్వీసెస్, పోలీసు, కేరళ, బెంగాల్ జట్లు ఆటను నిలబెట్టాయి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలున్నా, వాటర్ పోలోకే ప్రత్యేకంగా పూర్తికాలపు అసిస్టెంట్ కోచ్‌ను పెట్టుకునే సంప్రదాయం మన కళాశాలల్లో ఏర్పడలేదు. ఆడినవాడు ఉద్యోగం కోసం శాఖల జట్లలోకి పోతాడు, నేర్చిన విద్య అక్కడితో ఆగుతుంది. ఆటగాళ్లు లేక కాదు, నేర్పేవాళ్లకు బతుకుదెరువు లేక ఆట వెనకబడిందని గట్టిగా చెప్పవచ్చు. గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల నాటి ఈతకొలను సముదాయం వంటి సౌకర్యాలున్న తెలుగు నేలకూ ఇది వర్తిస్తుంది.

కాలిఫోర్నియాలో మాత్రం పరిస్థితి వేరు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఫ్రీమాంట్, శాన్ రమోన్, అర్వైన్ ప్రాంతాల్లో వాటర్ పోలో ఉన్నత పాఠశాలల మామూలు ఆట. మన పిల్లలకు క్రికెట్, టెన్నిస్ లాగే ఇదీ అందుబాటులో ఉంది.

ఇటీవలి మార్పులు

2018లో వచ్చిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల ఆటగాళ్లు ఒక కళాశాల నుంచి మరో కళాశాలకు మారడం తేలికైంది. ఇప్పుడు అసిస్టెంట్ పని కొత్తవాళ్లను తేవడంతో ఆగదు, ఉన్నవాళ్లను నిలుపుకోవడమూ అంతే ముఖ్యం. కళాశాల క్రీడాకారులు వేసిన దావాలో 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన హౌస్ ఒప్పందంతో, అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు స్కాలర్‌షిప్ పరిమితులు పోయి, వాటి బదులు జట్టులో ఎందరుండాలన్న పరిమితులు వచ్చాయి. ఆటగాళ్లకు ఆదాయంలో వాటా ఇచ్చే వీలూ కలిగింది. ఆ వాటాలో అత్యధిక భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లకే పోతుంది. వాటర్ పోలో వంటి ఆదాయం లేని క్రీడల బడ్జెట్లు అన్నిటికంటే ముందు బిగుసుకుంటాయి. అప్పుడు కోత పడేది మొదట ప్రయాణాల మీద, తర్వాత రెండో కోచ్ జీతం మీద. ఆదా అయ్యే సొమ్ము చిన్నది. గోల్‌కీపర్‌కు పాఠం చెప్పేవాడు, భుజం నొప్పిని పసిగట్టేవాడు, మరుసటి ఏటి ఆటగాళ్లను చూసి రాసుకునేవాడు లేకుండా పోవడం జట్టు మీద చూపే ప్రభావం రెండు మూడు సీజన్ల తర్వాత గానీ బయటపడదు.

అందరూ హెడ్ కోచ్ కావాలనే ఈ వృత్తిలోకి వస్తారనుకోవడం సరికాదు. పదిహేను, ఇరవై ఏళ్లు అసిస్టెంట్‌గానే ఉండి, అసోసియేట్ హెడ్ కోచ్ హోదాతో తృప్తిగా పనిచేసేవారున్నారు. హెడ్ కోచ్‌లు మారినా వాళ్లు మారరు. ఆ కొలనులో ఏ ఆటగాడు ఏ ఏడు ఏ లోపంతో వచ్చి ఎలా బాగుపడ్డాడో వాళ్లకే తెలుసు. విశ్వవిద్యాలయాలు అలాంటివారికి ఏటేటా పునరుద్ధరించే కాగితాలు కాక, బహువర్ష ఒప్పందాలు ఇవ్వడం న్యాయం. కళాశాల వాటర్ పోలో కోచ్‌ల సంఘం ఏటా ఆల్ అమెరికా జట్లను ఎంపిక చేస్తుంది. ఆ జాబితాల్లోని పేర్లను తయారుచేసిన అసిస్టెంట్ల ఉద్యోగ భద్రతను కూడా అదే సంఘం తన పనుల్లో చేర్చుకోవాలి.